చట్నీకి తెచ్చిన కల్లు

"నా మేకని పాతిపెట్టీసినారంట. ఎందుకు పాతిపెట్టినారో ముందు సెప్పండి."

సంతకు వచ్చేవాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు. కొండల మీంచి దిగిన మంచు అరకు లోయను వదిలిపెట్టలేదు. రోడ్డు పక్కన మిషన్ వాళ్ళు కొత్తగా వేసిన ఆకుల పందిరి ముందు ఒక కొండదొరల కుర్రాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు మంగరాజు. కోపం ముక్కు మీదే ఉంది.

పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టెలు తడుతున్న తెరిసమ్మ తలెత్తి చూసింది. మిషన్ బంగళా వంటవాడు వరప్రసాదం కూతురు ఆమె. విశాఖపట్నం కాన్వెంటులో చదువు ముగించి, తల్లిలేని ఇంట్లో తండ్రికి తోడుగా ఈ మధ్యే కొండెక్కింది.

"నీ మేకేమిటి? నిన్న సాయంత్రం మా నాన్న నీ దగ్గర కొన్నాడు కదా. ఇప్పుడది మా మేక" అంది.

"కొన్నారు. కోసుకు తినండి, నాను వద్దన్నానా? పాతిపెట్టడమేటి? రోగమొచ్చి సచ్చిన మేకనే మా కాడ గోతిలో పెడతారు. మంగరాజు రోగం మేకని అమ్మినాడని దారి పొడుగునా సెప్పుకుంటన్నారు. రేపట్నుంచి నా మందకేసి ఎవుడు సూస్తాడు?"

తెరిసమ్మ పెదవి కొరుక్కుంది. అయినా నవ్వాగలేదు.

"నవ్వుతావేటి, గుంటా?"

"గుంట కాదు, తెరిసమ్మ. కాసేపలా కూచో. ఎండ పొడ తగలగానే నీ మేక గోతిలోంచి లేచొస్తుంది. అప్పుడు దాన్నే అడుగు."

సమాధిలోంచి లేచి రావడం గురించి కాన్వెంటులో చదివిన పిల్లకు తెలిసినంత మంగరాజుకు తెలీదు. అందుకని కోపంగానే కూచున్నాడు.

ఇదంతా ఇన్నాసి ఫాదరు గారి పుణ్యం. అసలు పేరు ఇగ్నాసియో, దేశం మెక్సికో. అక్కడి సర్కారుకూ గుళ్ళకూ పడక గుళ్ళు మూతపడితే, ఓడలెక్కి ఓడలు దిగి చివరికి ఈ లోయలో తేలాడు. తెలుగు మొత్తం బైబిలులోంచే నేర్చుకున్నాడు గనక ఉప్పు అడిగినా ప్రసంగంలాగే ఉండేది. ఏడాది గడిచినా కొండవాళ్ళెవరూ బంగళా గేటు దాటలేదు. ఆయన ఎదురైతే రోడ్డు దిగి పక్కనుంచి పోయేవాళ్ళు.

ఒకనాడు కంచె పక్కన కిత్తనార మట్టలు చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తమ ఊళ్ళోనూ అవే మట్టలట. గొయ్యి తవ్వి, అడుగున రాళ్ళు ఎర్రగా కాల్చి, చుట్టూ ఆ మట్టలు పరిచి, మేకను దించి మట్టి కప్పేస్తే తెల్లారేసరికి ఎముక దానంతటదే ఊడొస్తుందట. దాన్ని బార్బకోవా అంటారట. రోడ్డు పక్కన కూలీ, కలెక్టరూ ఒకే బల్ల మీద కూచుని, మొక్కజొన్న రొట్టెలో చుట్టుకుని, చేతులు కారుతుండగా తింటారట. ఆ చుట్టకి పేరు టాకో. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బాలని ఆయన చెప్పినప్పుడు, తాంబూలానికి తెచ్చుకున్న సున్నం కాస్తా ఖర్చయిపోయిందని వరప్రసాదం రెండు రోజులు గొణిగాడు.

"పిలిచినను రారు. పక్కన కూర్చుండి భుజించిన యెడల వచ్చెదరు" అన్నాడు ఫాదరు. అలా పుట్టింది సంతలో ఆ పందిరి.

ఎండ పొడ తగిలింది. వరప్రసాదం పారతో మట్టి తీసి, గోనెపట్టా లాగి, వాడిన మట్టలు తొలగించాడు. ఆవిరి లేచింది. ఆ వాసనకి పసుపు కొమ్ముల బేరం ఆగిపోయింది. చింతపండు బుట్టలు దింపినవాళ్ళు దింపినచోటే వదిలేసి వచ్చారు. మంగరాజు గోతిలోకి వంగి చూశాడు.

"ఇప్పుడు చెప్పు, రోగం మేకేనా?" అంటూ తెరిసమ్మ వేడి రొట్టెలో మాంసం చుట్టి అడ్డాకులో పెట్టి చాచింది.

వాడు అందుకోలేదు. "ముందు నువ్వు తిను."

"నేను తినకూడదు."

"ఏం?"

"ఇవాళ శుక్రవారం. శుక్రవారం మేం మాంసం ముట్టం."

జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ కొండల్లో వండినవాళ్ళే మొదటి ముద్ద తినాలి. తాము తినకుండా ఎదుటివాడికి పెట్టారంటే అందులో ఏదో మందు కలిపారనే లెక్క. పాతిపెట్టిన మేక, దాన్ని తినని వంటమనిషి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పసుపు అమ్మే కనక బుగ్గన వేలు పెట్టుకుని, "వండినోరు తినరంటే ఇంకేటి సెప్పాల" అంది.

"భయపడకుడి, భుజించుడి" అన్నాడు ఫాదరు. దాంతో జనం ఇంకో అడుగు వెనక్కి వేశారు.

తెరిసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి రాత్రంతా ఆ గొయ్యి పక్కనే కాపలా పడుకున్నాడు. ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే గొడవ తీరిపోతుంది. కానీ నియమం నియమమే. చాచిన చెయ్యి అలాగే ఉంచి తల తిప్పుకుంది.

మంగరాజు ఆ చేతిని చూశాడు. తిప్పుకున్న తలనీ చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, ఆకు లాక్కున్నాడు.

"నా మేక. పాలు పట్టి పెంచినాను. నానే ముందు తింటాను, పోతే నానే పోతాను" అని నోట్లో పెట్టుకున్నాడు.

వాడు నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు.

"ఒరే మంగరాజూ, పోనావా?" అంది కనక.

"ఇంకా లేదు" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇంకోటియ్యి, సూద్దాం."

ఆ తరవాత గోతిలో ఎముకలు కూడా మిగల్లేదు.

* * *

ఆ వేసవంతా శుక్రవారం సంతలో 'గోతి మాంసం' పేరు మారుమోగింది. గురువారం సాయంత్రం మేకను తోలుకొచ్చేది మంగరాజే. గొయ్యి తవ్వేదీ వాడే. "మీ అయ్యకి నడుం నొప్పి కదా" అనేవాడు. తన నడుం నిక్షేపంలా ఉందని వరప్రసాదం చెప్పబోతే వినేవాడు కాడు.

"ఇయాలైనా తింటావా?" అని ప్రతి సంతకీ అడిగేవాడు.

"ఇవాళ ఏం వారం?"

"శుక్రారం."

"మరి?"

తన వంతు మాంసం ఆకులో కట్టి దాచుకుని తెరిసమ్మ శనివారం తింటుందని వాడికి తెలిసింది. అప్పట్నుంచి మంగరాజు మేకలకు దారి తప్పడం అలవాటైంది. తప్పినప్పుడల్లా శనివారమే తప్పేవి. తప్పి నేరుగా మిషన్ కంచె దగ్గరికే వచ్చేవి.

"మళ్ళీ మేకేనా?" అనేది తెరిసమ్మ అరుగు మీద కూచుని తింటూ.

"దానికి బుద్ది లేదు. నానేటి సెయ్యను?"

"దానికా లేనిది?"

వాడు నవ్వేవాడు. మేకను వెతకడం మరిచిపోయి పొద్దుపోయేదాకా అక్కడే నిలబడేవాడు. మాటల్లో ఆమె విశాఖపట్నం సముద్రం గురించి చెప్పేది, వాడు ఏ కొండ మీద ఏ పండు ముందు పండుతుందో చెప్పేవాడు. సముద్రం అంత పెద్దదంటే నమ్మేవాడు కాదు. "నువ్వు సెప్పినావని ఊరుకుంటన్నాను" అనేవాడు.

ఒక సంతనాడు ఉన్నట్టుండి వాన దంచింది. పందిరి కారడంతో ఇద్దరూ వాడి గిడుగు కిందకి చేరారు. ఆకులతో అల్లిన ఆ గొడుగు ఒక్క మనిషికే సరిపోతుంది. భుజానికి భుజం తగిలింది. తెరిసమ్మ వానకేసి చూస్తూ నిలబడింది, వాడు తెరిసమ్మకేసి చూస్తూ నిలబడ్డాడు. వాన వెలిసి చాలాసేపైందని కనక వచ్చి చెప్పాల్సి వచ్చింది.

ఇలా హాయిగా సాగుతున్న వ్యవహారంలో ఫాదరు గారి నాలుక వేలు పెట్టింది.

"కుమారీ, నీ పచ్చడి మంచిదే" అన్నాడు ఒక శుక్రవారం, కాల్చిన ఎండుమిరపకాయల చట్నీని వేలితో నాకుతూ. "కాని దానిలో ఆత్మ లేదు. మా దేశమందు కిత్తనార చెట్టు నుండి తీసిన కల్లు దీనిలో పోయుదురు. అట్టిది ఇచ్చట దొరకునా?"

"ఆ కల్లు దొరకదు గాని ఈ కొండల్లో జీలుగు చెట్టు కల్లుంది కదా, ఫాదర్" అని తెరిసమ్మ అక్కడే లేచి నిలబడి, సంత ఆ చివరన మేకల దగ్గరున్న వాణ్ణి కేకేసింది. "మంగరాజూ, వచ్చే గురువారం ఒక కుండ జీలుగు కల్లు మా ఇంటికి పట్టుకురా."

సంతంతా ఇటు తిరిగింది. తక్కెడ పట్టుకున్నవాడు తక్కెడ దించేశాడు.

"మీ ఇంటికా?" అన్నాడు మంగరాజు.

"మా ఇంటికే."

"నానే తేవాలా?"

"నువ్వు కాక ఎవరు తెస్తారు? మంచి కల్లు తేవాలి, బేరానికి అమ్మేది కాదు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. మేకలను అక్కడే వదిలేసి, పరుగులాంటి నడకతో కొండ దారి పట్టాడు. కనక పసుపు చేతులతోనే తెరిసమ్మ గడ్డం పట్టుకుని, "నోరున్న గుంటవే" అని మురిసిపోయింది.

పాపం తెరిసమ్మకు తెలియనిదొకటుంది. ఆ కొండల్లో పిల్లనడగడమంటే కల్లుకుండ పట్టుకెళ్ళడమే. పిల్ల ఇంటివాళ్ళు ఆ కల్లు తాగితే సంబంధం ఖాయం. ఇష్టం లేకపోతే నిండు కుండను సంతలో నలుగురి ముందూ తిరిగి చేతిలో పెట్టెయ్యాలి. కుర్రాడు కల్లు తేవడం అందరూ ఎరిగిందే గాని, పిల్ల నడిసంతలో నిలబడి తెమ్మనడం తాతల నాటి నుంచీ ఎవరూ విన్నది కాదు.

* * *

గురువారం సాయంత్రం మంగరాజు ఒంటరిగా రాలేదు. ఉతికిన పంచె కట్టుకుని, తల దువ్వుకుని, తల్లి సోములమ్మతో, గూడెం పెద్దలతో వచ్చాడు. కుండ మూతికి ఆకులు కట్టి పూలు చుట్టారు.

"కుండకి ఇంత ముస్తాబా?" అంది తెరిసమ్మ. కల్లు ఒలకకుండా అందరూ సాయంగా వచ్చారనుకుంది. కుండ అందుకుని గబగబా లోపలికి పట్టుకెళ్ళి, సగం చట్నీ గిన్నెలో ఒంపేసింది. వరప్రసాదం, వంటవాడికి రుచి చూడకపోతే ఎలాగని, లోటాడు పుచ్చుకుని గడగడా తాగి మూతి తుడుచుకున్నాడు.

"మా బాగుంది, వదినా" అన్నాడు సోములమ్మతో.

సోములమ్మ కళ్ళు ఒత్తుకుంది. పెద్దలు తలలూపారు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి గూడెంలో డప్పులు మోగాయి. ఏదో పండగ కాబోలు అనుకుని తెరిసమ్మ మిరపకాయలు నూరుకుంది.

తెల్లారి సంతలో తెలిసింది. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమె చెంప నిమిరి, "మా గూడెం కోడలివి" అంటూ పోతుంటే, కనకను పక్కకి లాగి అడిగింది. కనక చెప్పింది. తెరిసమ్మ మొహంలో రంగు పోయింది.

సిగ్గో, కోపమో, భయమో ఆమెకే తెలియలేదు. అప్పుడే సోములమ్మతో కలిసి నవ్వుకుంటూ వస్తున్న మంగరాజు ఎదురయ్యాడు. నోరు జారడానికి అంతకన్నా ఏం కావాలి?

"నేనడిగింది చట్నీకి" అంది అందరికీ వినబడేలా. "చట్నీలో పొయ్యడానికి అడిగాను. అంతే. ఇందులో పెళ్ళెక్కడిది?"

మంగరాజు మొహం మీద నవ్వు ఒక్క క్షణం అలాగే నిలిచిపోయింది. తరవాత మెల్లగా పోయింది.

"చట్నీకా" అన్నాడు. "సరే."

వాదించలేదు, కోప్పడలేదు. తల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగిపోయాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు వాడి వీపుకి తగలడం తెరిసమ్మ చూసింది.

ఆ శనివారం మేకలేవీ దారి తప్పలేదు. అరుగు మీద ఆకు విప్పుకుని కూచుంది గాని ముద్ద దిగలేదు. కంచెకేసి చూసింది, దారికేసి చూసింది. చిన్న చప్పుడైతే లేచి నిలబడింది. అది ఊరి కుక్క.

"నాన్నా, నేనేం తప్పు మాటన్నానని?" అంది, ఎవరూ అడక్కుండానే.

వరప్రసాదం బియ్యంలో రాళ్ళేరుతున్నాడు. "తప్పు మాట కాదమ్మా. నిజమైన మాటే అయితే నీకీ ఏడుపెందుకు?"

తెరిసమ్మకు అది నిజమైన మాట కాదని అప్పుడే తెలిసింది. వాడు రాని శనివారం ఎంత పొడుగ్గా ఉందో కూడా అప్పుడే తెలిసింది. కానీ నలుగురిలో కాదన్న నోటితో మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పిలవాలి? కొరివితో తల గోక్కున్నాను అనుకుంది. గురువారం మేకను వేరే ఎవరో తోలుకొచ్చారు. గొయ్యి వరప్రసాదమే తవ్వాడు. ఈసారి నడుం నిజంగానే నొప్పెట్టింది.

* * *

శుక్రవారం వాన తుంపర పడుతోంది. గొయ్యి ఇంకా తెరవలేదు. తెరిసమ్మ చట్నీ నూరుతోంది, ఆత్మ లేని చట్నీ. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారు.

మంగరాజు. గిడుగు లేదు, తల తడిసిపోయింది. చేతుల్లో నిండు కల్లుకుండ ఉంది. పూలు లేవు, ఆకు మాత్రం కట్టి ఉంది.

"ఇది తీసుకో" అన్నాడు మెల్లగా. "తీసుకుని అందరి ముందూ మళ్ళీ నా సేతికిచ్చెయ్యి. మా కల్లు మాకిచ్చేసినట్టు అవుతాది. నువ్వెక్కడ తెస్తావులే అని నానే తెచ్చినాను. జీలుగు సెట్లు మీకు లేవు కదా."

తెరిసమ్మ చేతిలో పొత్రం ఆగిపోయింది. తనను కాదనడానికి కావాల్సిన కల్లు తనే చెట్టెక్కి దించి, కొండ దిగి మోసుకొచ్చాడు.

"ఇచ్చేస్తే?"

"మాట పోతాది. కల్లు తాగి కాదన్న గుంట అని నిన్నెవరూ అనరు."

"మరి నిన్ను?"

"నవ్వుతారు. నవ్వి నవ్వి ఆళ్ళే ఊరుకుంటారు."

"ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు చట్నీకని ముందే తెలిస్తే తెచ్చేవాడివా?"

మంగరాజు కాలి బొటనవేలితో తడి మట్టి గీశాడు. "తెచ్చీవోణ్ణి. తలమాత్రం దువ్వుకునీవోణ్ణి కాను."

తెరిసమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కుండ అందుకుంది. అది చూసి సంత చుట్టూ మూగింది. కనక వచ్చింది, ఇన్నాసి ఫాదరు వచ్చాడు. సోములమ్మ దూరంగా నిలబడి, చూడలేక మొహం పక్కకి తిప్పుకుంది. మంగరాజు కుండ తిరిగి పుచ్చుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

తెరిసమ్మ మూతికి కట్టిన ఆకు విప్పింది. అందరూ చూస్తుండగా కుండ వంచి, కల్లు చట్నీ గిన్నెలో పోసింది. గిన్నె నిండాక ఆపింది. పెనం మీంచి వేడి రొట్టె తీసి, మాంసం పెట్టకుండా ఉత్త చట్నీ రాసి, చుట్టి, కొరికింది. కారానికి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే అలాగే నమిలి మింగింది.

"చట్నీలో మాంసం లేదు" అంది మంగరాజుతో, సంతకంతా వినబడేలా. "శుక్రవారమైనా తినొచ్చు. మీ కొండల్లో వండినవాళ్ళే కదా ముందు తినాలి? తిన్నాను. ఆ కల్లు దేనికో తెలిసే తిన్నాను. ఇక తిరిగివ్వడానికి కుండలో నిండుగా లేదు, ఏం చేస్తావో చేసుకో."

చాచిన చేతులు దించడం మంగరాజు మరిచిపోయాడు. ఆ చేతుల్లోనే ఆమె మిగిలిన సగం రొట్టె పెట్టింది. వాడు తిన్నాడు.

"ఒరే, ఈసారైనా పోనావా?" అంది కనక.

"పోనాను" అన్నాడు మంగరాజు.

సంత గొల్లుమంది. సోములమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి తెరిసమ్మను పట్టుకుంది. "ఆ గుంటడు వారం నుంచి ముద్ద ముట్టలేదే" అని ముద్దుగా ఒక్కటి వేసింది.

"నేను కూడా, అత్తా" అంది తెరిసమ్మ. ఆ పిలుపు నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

వరప్రసాదాన్ని ఎవరైనా అడగాలి కదా అని మంగరాజు చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. "మావా, మరి నువ్వేటంటావు?"

"నన్నడిగేదేముంది? నేను మొదటిరోజే లోటాడు తాగేశాను" అన్నాడు వరప్రసాదం, నడుం పట్టుకుని. "ముందు ఆ గొయ్యి తెరువు, నాయనా. నా వల్ల కాదు."

తాళి మిషన్ గుళ్ళో కట్టాలని ఫాదరు, ఆ రాత్రి థింసా ఆట తమ గూడెంలోనే ఆడాలని సోములమ్మ అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నారు. ఫాదరు చట్నీ వేలికి రాసుకుని నాకాడు. "ఇప్పుడు దీనిలో ఆత్మ ఉన్నది" అన్నాడు.

మంగరాజు పార పట్టుకుని మట్టి తీస్తూ, పక్కన గోనెపట్టా పట్టుకున్న తెరిసమ్మ వైపు వంగాడు.

"రేపు శనారం" అన్నాడు. "మేక మళ్ళీ తప్పిపోవాలా?"

"అక్కర్లేదు" అంది తెరిసమ్మ. "దాన్ని ఇంటి దగ్గర కట్టేసి, నువ్వొక్కడివే రా."